దాలినాయుడు మాష్టారి జోస్యం

మొన్న మా వీధి గుమ్మానికి కొత్త తలుపు వేయించాను. వడ్రంగి పనంతా ముగించి, చివరగా గుడ్డపీలికను అవిసె నూనెలో ముంచి చెక్కకు పట్టిస్తుంటే ఆ వాసన వసారా దాటి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద చారు మరుగుతోంది. దాన్ని అలాగే వదిలేసి వచ్చి గడప దగ్గర నిలబడ్డాను. "ఏటమ్మా, ఈ వాసన పడదేటి మీకు?" అని అడిగాడు వడ్రంగి. పడకపోవడం కాదు. పదేళ్ళ వయసు నుంచీ నాకు ఆ వాసనంటే ప్రాణం. శనివారం మధ్యాహ్నాలు చీపురుపల్లిలో మా బడి వసారా మీద ఒక పొడుగాటి మనిషి చాప పరుచుకుని, ఎడమకాలు బారజాపుకుని కూర్చుని, హాకీ కర్రలను ఒక్కొక్కటిగా ఒళ్ళోకి తీసుకుని, పసిబిడ్డకు తలంటే ముందు రాసినట్టు అరచేత్తో నూనె పట్టించేవాడు. ఆయన పేరు దాలినాయుడు. మా డ్రిల్లు మాష్టారు. ఇది చదివేవాళ్ళలో ఆయన్ని చూసినవాళ్ళు దాదాపుగా ఉండరు. అందుకే మొదటి నుంచీ చెప్తాను.

అరవైల చివరి సంవత్సరాలవి. విజయనగరం అప్పటికింకా విడిగా జిల్లా కాలేదు, మాదంతా శ్రీకాకుళం జిల్లాయే. మాష్టారు కుర్రతనంలో మిలట్రీలో చేరి, అక్కడ హాకీ నేర్చి, తన రెజిమెంటు తరఫున ఆడాడట. ఒక ఆటలో ఎడమ మోకాలు పోయింది. తిరిగొచ్చి మా బడిలో డ్రిల్లు మాష్టారుగా కుదిరాడు. ఆ కాలు ఆయనకు పూర్తిగా వంగేది కాదు. ఇస్త్రీ చేసిన ఖాకీ నిక్కరుతో, ఆ కాలు కొంచెం ఈడుస్తూ మైదానం చుట్టూ తిరుగుతూ కేకలేసేవాడు. బడికి అసలైన హాకీ కర్రలు ఒక జట్టుకు సరిపడా కూడా లేవు. వాటిని పోటీల కోసం దాచి, మిగతా రోజుల్లో తాటిమట్టలతో ఆడించేవాడు. తాటిమట్ట మొదలు దానంతటదే వంపు తిరిగి ఉంటుంది కదా, దాన్ని చెక్కి, అంచులు నున్నగా రాసి, పట్టుకునే చోట గోగునార చుట్టి ఇచ్చేవాడు. మా ప్రాంతంలో తాటిచెట్లకూ గోగునారకూ కొరత లేదు. అలా ఇంకెక్కడా లేనంతమంది పిల్లలు మా బడి మైదానంలో హాకీ ఆడేవారు.

అయితే చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు మోగిపోవడానికి కారణం ఆట కాదు, జోస్యం. ఆయన పసిపిల్లల పాదాలు చూసి, పెద్దయ్యాక హాకీ ఆటతో వాళ్ళకు ఎక్కడ ఉద్యోగం వస్తుందో చెప్తాడని అందరూ నమ్మేవారు. దీనికి మూలం నారాయణరావు అనే అబ్బాయి. వాడు చిన్నప్పుడే "ఈడు రైల్వే" అని మాష్టారు అన్నాడట. నిజంగానే వాడు హాకీ ఆడి, ఖరగ్‌పూర్ వైపు రైల్వేలో ఉద్యోగం సంపాదించి, ఒక పండక్కి తెల్ల పంట్లాం వేసుకుని చీపురుపల్లి స్టేషన్‌లో దిగాడు. అప్పటి నుంచి వరి కోతలు అయిపోయి జనానికి కాస్త తీరిక దొరికిందంటే చాలు, ఆదివారం పొద్దున్నే బడి మైదానానికి తండ్రులు పిల్లల్ని తెచ్చేవారు. నడక సరిగ్గా రానివాళ్ళను కూడా భుజాల మీద మోసుకొచ్చేవారు. మాష్టారు ఇసుక మీద నీళ్ళు చల్లించి, పిల్లవాణ్ణి దాని మీద నడిపించి, చాపిన కాలితో ఇబ్బందిగా చతికిలబడి ఆ అడుగుల్ని చాలాసేపు చూసేవాడు. ఒక బంతి దొర్లించేవాడు. తరవాత కళ్ళు మూసుకుని, "పోలీసు" అనో, "మిలట్రీ" అనో, "పోర్టు" అనో, అన్నిటికన్నా పైమాటగా "రైల్వే" అనో చెప్పేవాడు. అందరికీ చెప్పేవాడు కాదు. గోగునార వర్తకం చేసే షావుకారు ఒకాయన మనవణ్ణి జట్కాలో తెచ్చాడు. పళ్ళ బుట్ట కూడా తెచ్చాడు. మాష్టారు ఆ పిల్లవాడి అడుగులు చూసి, "ఏటీ కనబడతం లేదు షావుకారు గారూ" అని బుట్ట వెనక్కిచ్చేశాడు. ఎంత నిజాయితీపరుడో అని జనం ఇంకా నమ్మారు.

మా అయ్య అప్పలనాయుడు మా తమ్ముడు సూరిబాబును చూపించడానికి బయల్దేరింది అలాంటి ఒక ఆదివారమే. చీపురుపల్లికి నడిచి వెళ్ళేంత దగ్గరలోనే మా ఊరు. వరి, గోగు, చోళ్ళు పండించుకునే కుటుంబం మాది. సూరికి మూడేళ్ళు. వాణ్ణి ఎత్తుకోవడం నా పని కాబట్టి నేనూ వెళ్ళాను. నాకు పదేళ్ళు. అమ్మ పొలానికి పోతే వాణ్ణి చూసుకునేవాళ్ళు లేరని మూడో తరగతిలోనే నన్ను బడి మాన్పించేశారు. మా వంతు వచ్చాక మాష్టారు బంతి దొర్లించాడు. సూరి దాన్ని చూసి జడుసుకుని ఏడుపు అందుకున్నాడు. నేను వాణ్ణి గభాల్న ఎత్తి చంకనేసుకుని, పక్కనుంచి పోతున్న బంతిని అరికాలితో ఆపి, పాదం అంచుతో మాష్టారి వైపు తోశాను. ఆయన బంతి అందుకోలేదు. నన్నే చూస్తున్నాడు. తమ్ముణ్ణి దింపమన్నాడు, తడి ఇసుక మీద నడవమన్నాడు. నడిచాను. ఆయన నా అడుగుల మీదకు వంగి, చాలాసేపటికి, "రైల్వే" అన్నాడు.

మా అయ్య ముఖం వెలిగిపోయింది. పక్కనున్నాయన వైపు తిరిగి, "సూసావా, మా సూరిగాడికి రైల్వేయంట" అన్నాడు.

"సూరిగాడికి కాదు నాయుడూ. ఈ గుంటకి" అన్నాడు మాష్టారు.

అందరూ నవ్వారు. అయ్య నవ్వలేదు. "ఆడగుంటకి రైల్వేయేటి మాష్టారూ, ఎగతాళా?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

"ఎగతాళెందుకు? రైల్వేలో ఆడోళ్ళ టీమున్నాది. ఆడినోళ్ళకి ఉద్దోగం ఇస్తన్నారు. తెల్ల జోళ్ళేసుకుని ఊరూరూ రైల్లోనే తిరుగుతారు. టిక్కెట్టుండదు."

"టిక్కెట్టుండదా?"

"ఉండదు. కాని ఒకటి. ఎస్సెల్సీ పాసవ్వాల. సదువు మానేస్తే రైల్వే లేదు. ఈ గుంట ఏ బళ్ళో ఉన్నాది?"

అయ్య నేల చూపులు చూశాడు. తిరిగి వెళ్ళేటప్పుడు మా ముందు నడిచాడు. ఊరి మొదట్లోకి వచ్చాక, "టిక్కెట్టుండదంట" అని తనలో తనే అనుకోవడం విన్నాను. ఇంట్లో మామ్మ గుమ్మం ముందు కూర్చుని, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. సంగతి విని చుట్ట తీసి, "ఓలమ్మ, ఈ గుంట రైలెక్కితే గుంటడినెవులు సూస్తారు?" అంది. "నువ్వు సూడు" అన్నాడు అయ్య. మా ఇంట్లో నా చదువు గురించి జరిగిన చర్చ అంతే. మర్నాడు నన్ను మళ్ళీ బడిలో వేశారు, ఈసారి చీపురుపల్లిలో మాష్టారి బడిలో.

మా ఊళ్ళో నేను రైల్వే పైడినైపోయాను. నా అసలు పేరు పైడితల్లి. నాకన్నా చిన్నవాళ్ళ పక్కన కూర్చుని పలక పట్టుకోవడం సిగ్గనిపించినా, సాయంత్రం మైదానం ఉంది కదా అని ఓర్చుకునేదాన్ని. నాతో పాటు ఇంకో నలుగురైదుగురు ఆడపిల్లలం, పరికిణీలు దోపుకుని మగపిల్లలతో కలిసి ఆడేవాళ్ళం. మాష్టారు చాలా నెలల పాటు మా చేత బంతి కొట్టించలేదు. ఆయన దొర్లించడం, మేం ఆపడం, అంతే. ఎవరైనా విసుక్కుంటే, "ఆపడమొస్తే కొట్టడం దానంతటదే వస్తాది. బేగి కొట్టాలనుకున్నోడికి రెండూ రావు" అనేవాడు. నాకు ఆపడం బాగా వచ్చేది. ఎర్రమట్టి మీద బంతి దొర్లే చప్పుడు వింటూ, అది దగ్గరికి రాగానే మట్ట అడ్డంగా పెట్టేదాన్ని. ఆయన దూరం నుంచి గట్టిగా కేకలేస్తుంటే తిడుతున్నాడనుకుని భయపడేదాన్ని. అయినా ఆ మైదానం మీద నేను గడిపినంత సంతోషంగా ఇంకెక్కడా గడపలేదు. కళ్ళు మూసుకుంటే రైలు కిటికీ, తెల్ల జోళ్ళు, పరుగెత్తే పొలాలు కనిపించేవి.

ఆ రోజుల్లోనే ఒక తమాషా జరిగింది. బజారు వీధిలో బట్టలు కుట్టే ఎర్రయ్య కొడుకు రమణకు కూడా మాష్టారు రైల్వే చెప్పాడు. వాడు నా వయసువాడే. ఎర్రయ్య కొన్నాళ్ళకు, ఉద్యోగం ఎలాగూ ఖాయమే కదా, చదువెందుకని వాణ్ణి బడి మాన్పించి, పొద్దున్నే పొలాల గట్ల మీద పరుగెత్తించి, గుడ్లు తినిపించడం మొదలుపెట్టాడు. ఈ మాట చెవిన పడగానే మాష్టారు సాయంత్రం ఆట ఆపేసి, కాలీడ్చుకుంటూ బజారు వీధికి నడిచాడు. మేమంతా వెనకాలే వెళ్ళాం. ఎర్రయ్య మిషను కుడుతున్నాడు. మాష్టారు గుమ్మంలోనే నిలబడి, "ఎర్రయ్యా, నానిచ్చిన రైల్వే వాపసిచ్చీ" అన్నాడు.

మిషను తొక్కే కాలు ఆగిపోయింది. "అదేటి బాబూ, ఇచ్చినది వాపసెలగ తీసుకుంటారు?"

"కాళ్ళు సూసి ఇచ్చాను. బడి మానేసినోడి కాళ్ళు మారిపోతాయి. నిన్న గట్టు మీద పరిగెడతంటే సూసాను. మారిపోనాయి."

రమణ వంగి తన పాదాలు చూసుకున్నాడు. నేను కూడా ఎవరూ గమనించకుండా నావి చూసుకున్నాను. ఎర్రయ్య లేచి వచ్చి చేతులు జోడించాడు. "రేపట్నుంచి పంపుతాను బాబూ. మళ్ళీ ఇస్తారా?"

"ఇప్పుడేటీ సెప్పను. ఓ ఆర్నెల్లు బడికెల్లనీ. అప్పుడు మళ్ళీ సూస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు మాష్టారు ఎందుకో ఉత్సాహంగా ఈల వేస్తూ నడిచాడు. ఒక మనిషి భవిష్యత్తును వెనక్కి తీసుకుని అంత హుషారుగా ఎలా ఉంటాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నాకు పదమూడేళ్ళు వచ్చాయి. ఒంట్లో మార్పు వచ్చిందని మామ్మ ఆట మాన్పించాలని పోరు పెడుతోంది, సంబంధాల మాట కూడా ఎత్తుతోంది. "దానికి రైల్వే వస్తాదమ్మా, ఒగ్గేయ్" అని అయ్య ఆమెను ఆపుతున్నాడు. అంటే నా చదువు, ఆట, పెళ్ళి వాయిదా, మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి. అలాంటప్పుడు రైల్వే ఆడవాళ్ళ జట్టు ఒకటి విజయనగరంలో ప్రదర్శన ఆట ఆడడానికి వస్తోందని తెలిసింది. వాళ్ళ శిక్షకురాలు మాష్టారికి పాత పరిచయం. చిన్నపిల్లల్లో బాగా ఆడేవాళ్ళుంటే చూసి, మున్ముందు పిలిపించుకుంటానని ఆమె మాటిచ్చింది. మాష్టారు అయ్యను ఒప్పించి నన్ను పాసింజరులో విజయనగరం తీసుకెళ్ళాడు. టిక్కెట్టు కొన్నాడు. అది చూసి నాకు నవ్వొచ్చింది.

ఆమె ఆంగ్లో ఇండియన్. తెల్ల గౌను, తెల్ల టోపీ. తన జట్టు ఆట అయ్యాక నన్ను మైదానంలో నిలబెట్టి, ముందు దగ్గర నుంచి బంతి కొట్టింది. ఆపాను. ఆమె తలూపింది. తరవాత బాగా వెనక్కి జరిగి, పచ్చగడ్డి మీద గట్టిగా కొట్టింది. గడ్డి మీద బంతికి చప్పుడు లేదు. నాకు ఏమీ కనిపించలేదు. అది నా కాలిపిక్కకు తగిలి పక్కకు పోయింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అంతే. ఆమె ఆట ఆపేసి, ఉన్నచోట నుంచే చెయ్యెత్తి వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమంది. నాకు చెయ్యే సరిగ్గా కనబడలేదు. ఆమె నా తల నిమిరి, మాష్టారిని పక్కకు పిలిచి హిందీలో ఏదో చెప్పింది. ఆయన ముఖం మాడిపోవడం మాత్రం దగ్గరగా ఉన్నాడు కాబట్టి చూశాను.

అక్కణ్ణించి ఆయన నన్ను తిన్నగా గంటస్తంభం దగ్గర కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. నాకు దూరపు చూపు బాగా తక్కువని, పుట్టుకతోనే కొంత ఉండి ఉంటుందని, అద్దాలు వారంలో ఇస్తానని డాక్టరు చెప్పాడు. అందరికీ లోకం అలాగే కనిపిస్తుందనుకున్నాను నేను. స్టేషన్‌కు వచ్చి ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. పొద్దు పడమటికి వాలుతోంది. మాష్టారు బజ్జీలు కొనిచ్చాడు. నేను తినలేదు. "అద్దాలు పెట్టుకుంటే తీసుకుంటారా?" అని అడిగాను. రైల్వే వాళ్ళ కంటి పరీక్షలో నెగ్గడం కష్టమని ఆమె తేల్చి చెప్పేసిందన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. "మీరు నా కాళ్ళు సూసారు. కళ్ళు సూళ్ళేదేటి మాష్టారూ?"

గూడ్సు బండి ఒకటి చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది. "సూళ్ళేదు" అన్నాడు. "మూడేళ్ళు రోజూ నా ముందరే ఉన్నావు. నీకు దూరం ఆనదని కనిపెట్టలేకపోనాను. నువ్వు సెవులతో ఆడతన్నావు, నాను కళ్ళతో ఆడతన్నావనుకున్నాను. తప్పు నాదే."

"మరి రైల్వే అని ఎలగ సెప్పారు?"

"పైడీ, పదేళ్ళ గుంట అడుగులు సూసి అది పెద్దయ్యాక ఏటవుతాదో సెప్పగలిగినోడు బూమ్మీద లేడు. నాకూ తెలీదు. మిలట్రీలో నాతో ఆడినోడొకడు, కుర్రప్పుడు ఆణ్ణి మించినోడు లేడు, ఇరవయ్యేళ్ళు రాకుండానే ఆటంటే మొకం మొత్తి ఒగ్గేసాడు. ఇంకొకడు పరిగెత్తడం రానోడు, ఆడే పెద్ద టీములోకెల్లాడు. ఎవులు సెప్పగలరు?"

"నారాయణరావుకి సెప్పారు కదా."

"ఆణ్ణి ఆళ్ళ అయ్య పాలేరుగా పెట్టడానికి తీసుకుపోతన్నాడు. దార్లో నాకెదురైనాడు. ఆపడానికి ఏటి సెప్పాలో తెలీక, ఈడికి రైల్వే ఉద్దోగం వస్తాది, బడి మాన్పించకు అన్నాను. నోటికొచ్చింది అనేసాను. ఆయన నమ్మి ఆణ్ణి బళ్ళోనే ఉంచాడు. ఆడి అదృష్టం, నిజంగానే రైల్వే వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, ఒక్క మాటంటే గుంటలు ఎన్నేళ్ళు బళ్ళో ఉంటారో. అప్పట్నుంచి బడి మానేసినోళ్ళకీ, మానేసేలాగున్నోళ్ళకీ సెప్తన్నాను."

షావుకారు మనవడికి ఏమీ కనబడలేదన్నారు కదా అని గుర్తుచేశాను. "ఆడికి నా మాటెందుకు? ఆడెలాగూ సదువుకుంటాడు" అన్నాడు.

నేను ఆ రోజు బంతి ఆపడం చూసి చెప్పారా, లేకపోతే అదీ ఊరికేనా అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆయన అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఆ ఆదివారం బడి ఈడు గుంట తమ్ముణ్ణి సంకనేసుకుని వచ్చింది. నిన్ను మా బళ్ళో ఎప్పుడూ సూళ్ళేదు. నువ్వు బంతి ఆపకపోయినా సెప్పేవోడినే" అన్నాడు. రైల్వే పోయినందుకన్నా ఆ మాటకు నాకు ఎక్కువ ఏడుపొచ్చింది. ఆయన నన్ను ఏడవనిచ్చి, "కాని బంతి బాగానే ఆపావు. అది మాత్రం అబద్దం కాదు" అని, బజ్జీల పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. చల్లారిపోయిన బజ్జీలు తిన్నాను. "మీ అయ్యకి ఏటి సెప్పమంటావు? రైల్వే ఇంకా ఉన్నాదనమంటే అలగే అంటాను" అన్నాడు. బండి చీపురుపల్లి చేరేదాకా ఆలోచించి, "నానే సెప్తాను" అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అయ్య సావిట్లో ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. ఇంకా వెలుగు పూర్తిగా పోలేదు. గుమ్మం దగ్గర నిలబడే, "అయ్యా, నాకు రైల్వే రాదు" అన్నాను. కళ్ళ సంగతి, ఆ మేడం సంగతి, డాక్టరు సంగతి అన్నీ చెప్పాను. మాష్టారి రహస్యం మాత్రం చెప్పలేదు. రమణ కాళ్ళు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయి, ఆ మాట మీదే వాడు బడికి వెళ్తున్నాడు. నాలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో. అంతా చెప్పి, "రైల్వే రాకపోయినా నాను సదువుకుంటాను" అన్నాను. ఇక మామ్మ మాటే నెగ్గుతుందనుకున్నాను.

అయ్య చేతిలో గడ్డి అలాగే పట్టుకుని, "ఆ కొబ్బరిసెట్టు మీద కాయలు కనబడతన్నాయా నీకు?" అని అడిగాడు.

"కాయలేటి, సెట్టే ఓ ముద్దలాగుంటాది."

"ఇన్నాళ్ళూ ఇలగే ఉన్నావేటే" అన్నాడు. గడ్డి కింద పెట్టి వచ్చి, నా ముఖంలోకి వంగి చూశాడు, ఆ లోపం ఎక్కడుందో కనిపిస్తుందేమో అన్నట్టు. తరవాత, "రేపు బడున్నాదా?" అన్నాడు.

"ఉన్నాది."

"అయితే బేగి అన్నం తిను. లాంతరు గ్లాసు నాను తుడుస్తాను. పుస్తకం దీపానికి దగ్గరగా పెట్టుకో."

మూడేళ్ళలో ఆయనకు బడికి వెళ్ళే కూతురు అలవాటైపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. నా చదువును రైల్వే అన్న మాట కొన్నాళ్ళు మోసింది. తరవాత మా అయ్యే మోశాడు. రైల్వే పోయిందంటే మామ్మ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "మా మనవరాలు రైల్వే" అనే చెప్పేది. ఆమె నోరు ఎవరు మూయగలరు?

వారం తరవాత అద్దాలు వచ్చాయి. నల్లటి దళసరి ఫ్రేము. విజయనగరం వీధిలోకి వచ్చి తలెత్తితే, గంటస్తంభం మీద పావురాలు విడివిడిగా కనిపించాయి. ఊరికి తిరిగొస్తుంటే వరిచేలో కంకులు కనిపించాయి. సాయంత్రం అద్దాల కాడలకు వెనక నాడా కట్టుకుని మైదానంలోకి దిగాను. అటు చివర నుంచి మాష్టారు ఎప్పటిలాగే గట్టిగా అరుస్తున్నాడు. అటు చూస్తే, ఆయన నవ్వుతున్నాడు. మూడేళ్ళుగా తిడుతున్నాడని నేను హడలిపోయిన కేకలన్నీ ఆయన నవ్వుతూ వేసినవే. పక్కనున్న పిల్లను, "మాష్టారు ఎప్పుడూ ఇలగే నవ్వుతారా?" అని అడిగితే, అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

తరవాత జరిగింది సాఫీగానే జరిగింది. ఎస్సెల్సీ పాసయ్యాను. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా శిక్షణ పొందాను. నాడా కట్టిన అద్దాలతోనే కాలేజీ జట్టుకు ఆడాను. గజపతినగరం ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది, చాలా ఏళ్ళు అక్కడే చేశాను. సూరి పొలం చూసుకున్నాడు. బంతంటే వాడికి ఇప్పటికీ పడదు. రమణకు రైల్వే రాలేదు. బస్సు కండక్టరయ్యాడు. మొదటి జీతం అందుకున్న రోజు లడ్డూలు పట్టుకుని మాష్టారి దగ్గరకు వెళ్ళి, "రైలు తప్పిపోయి బస్సెక్కాను మాష్టారూ" అన్నాడట. మాష్టారు వాడి పాదాల కేసి చూసి, "ముందే అనుకున్నాను" అన్నాడట. ఆయన జోస్యం చెప్పిన పిల్లల్లో నారాయణరావు తప్ప ఎవరూ హాకీతో ఉద్యోగం సంపాదించలేదని నాకు తెలుసు. వాళ్ళలో బడి మధ్యలో మానేసినవాళ్ళు కూడా దాదాపుగా లేరు. ఇది ఊళ్ళో ఎవరూ గమనించలేదు. జనం ఆయన జోస్యం తప్పిందని కూడా ఎప్పుడూ అనలేదు. చేతికి ఏదో ఒక ఉద్యోగం వచ్చాక రైల్వే ఎవరికి గుర్తుంటుంది?

ఉద్యోగ విరమణ తరవాత ఆయన అరసవల్లిలో కూతురి దగ్గర ఉన్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా గుడికి వెళ్ళే జనాన్ని చూస్తూ వసారాలో కూర్చుని ఉండేవాడు. చివరిసారి వెళ్ళినప్పుడు, ఇంతమందికి లేని ఆశ కల్పించినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని అడిగాను. ఆయన నింపాదిగా ఆలోచించాడు. "ఆశేటి, అందరికీ ఉంటాది. నీ కళ్ళ ఇసయమే ఇప్పటికీ గుచ్చుతాది నాకు" అన్నాడు. "కొత్త గుంటలొస్తే ముందు ఆళ్ళ సూపు సూస్తన్నావా?" అని అడిగాడు. చూస్తున్నానన్నాను. అందుకు ఆయన ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. నా జట్లు గెలిచిన ఆటల గురించి చెప్పినప్పుడు కూడా అంత సంతోషించలేదు.

ఇప్పుడు నేను విజయనగరంలో ఉంటున్నాను. పొద్దున్నపూట దగ్గర్లోని మైదానంలో చిన్నపిల్లలకు ఆట నేర్పుతాను. తల్లిదండ్రులు ఆరేళ్ళ పిల్లల్ని మంచి బూట్లు వేసి తెస్తారు. ఫోనులో తీసిన వీడియోలు చూపించి, "మేడం, వీడు పెద్ద ఆటగాడవుతాడా, ఇప్పుడే చెప్పేస్తే ఆ దారిలోనే పెడతాం" అంటారు. పిల్లవాడి పరుగును బట్టి పదిహేనేళ్ళ తరవాత సంగతి లెక్కగట్టి చెప్తానని ఒకాయన కంప్యూటరు కూడా తెచ్చాడు. నాకు తెలియదని అందరికీ ఒకటే సమాధానం చెప్తాను. ముందు పిల్లల్ని మైదానం అటు చివర గోడ మీది అక్షరాలు చదవమంటాను. చదవలేకపోతే కళ్ళ డాక్టరు దగ్గరకు పంపుతాను. జోస్యం జోలికి మాత్రం ఎన్నడూ పోకూడదనుకున్నాను. నా మాట నమ్మి ఏ పిల్లా ప్లాట్‌ఫారం మీద నాలాగా ఏడవకూడదనుకున్నాను.

మూడేళ్ళ కిందట ఒకావిడ తీరం వైపు పల్లె నుంచి ఎండుచేపల గంపతో బజారుకు వచ్చి, తిరిగి వెళ్తూ తన కూతుర్ని నా దగ్గరకు తెచ్చింది. ఆ పిల్ల ఆరో తరగతి. ఎవరో ఆటల్లో ఉద్యోగాలిస్తారని ఆవిడతో అన్నారట. "అమ్మా, దీనికి ఆటలో ఉద్దోగం వస్తాదంటే బళ్ళో ఉంచుతాను. రాదంటే రేపట్నుంచి నాతో గంపెత్తుకుని వస్తాది. ఉన్నదున్నట్టు సెప్పు" అంది. నేను ఆ పిల్లను గోడ మీది అక్షరాలు చదవమన్నాను. తడుముకోకుండా చదివింది. బంతి దొర్లించాను. ఆపలేకపోయింది. మళ్ళీ దొర్లించాను. మళ్ళీ వదిలేసింది. తల్లి నా ముఖం వైపే చూస్తోంది. నాకు తెలియదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"వస్తాది" అన్నాను. "కాని పది పాసవ్వాల. ఆ తరవాత ఇంటరు కూడా. మధ్యలో మానేస్తే రాదు."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని వెళ్ళింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆదివారాలు తప్పకుండా వస్తుంది. ఆట అంతంత మాత్రమే. లెక్కల్లో మాత్రం క్లాసుకు మొదటిదట.